పెద్దక్కను సమాధి చేసిన ఊరు

మా పెద్దక్కను జార్జియా దేశంలో ఏదో పల్లెలో పూడ్చిపెట్టి వచ్చి, ఆ పల్లె పేరు గుర్తులేదంటున్నారు బహ్రెయిన్‌లో, జింజ్‌లో ఆమె పనిచేసిన ఇంటివాళ్లు. ఎండాకాలమంతా అక్కడ ద్రాక్షతోటల్లో తిరిగిన ప్రతి వైనరీ పేరు వాళ్లకు గుర్తుంది. ఏ సీసా ఏ తోటదో గుర్తుంది. ఏ రోజు ఏ స్నేహితులు ఎక్కడ కలిశారో ఫొటోల కింద రాసి పెట్టుకున్నారు. తమ పాపను పుట్టినప్పటి నుంచి చంకన వేసుకుని పెంచిన మనిషిని ఏ మట్టిలో పెట్టారో మాత్రం గుర్తులేదు. "నోరు తిరగని పేరు, భయ్యా" అంది ఆ ఇంటి మేడం నాతో. నోరు తిరగకపోతే కాగితం మీద రాసివ్వచ్చు. నేను చదువుకుంటాను.

ఆమె పోయిందని మాకు చెప్పింది ఆ ఇంటివాళ్లు కాదు. కోనసీమ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, అమ్మ పోయిందంట. ఆసుపత్రిలో పోయిందంట. అక్కడే భూస్థాపన కూడా చేసేశారంట. అంతా పద్ధతిగానే జరిగిందంట. నువ్వేమన్నా చూశావా?" నేనేం చూస్తాను? ఇక్కడే అద్లియాలో ఒక హోటల్ వంటింట్లో గిన్నెల ముందు నిలబడి ఉన్నాను. చేతులకు సబ్బు నురగ. ఫోన్‌ను భుజంతో చెవికి నొక్కి పట్టుకున్నాను. ఆ అమ్మాయి ప్రతి మాట చివరా "అంట" అంటోంది. ఏ మాటా తనది కాదు. అన్నీ వాళ్లు చెప్పమన్న మాటలే.

ఇది చదివేవాళ్లలో ఆమె చేతి కూడు తిన్నవాళ్లు చాలామంది ఉన్నారు. శుక్రవారం ప్రార్థనకు తెలుగు సహవాసానికి వచ్చే అందరికీ ఆమె పెద్దక్కే. తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. నేను క్రైస్తవుణ్ని కాదు. నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాణ్ని. మొదటిసారి ఆ ప్రార్థన హాలు దగ్గరికి అన్నం కోసమే వెళ్లాను, దాచడమెందుకు. లోపలికి పోవాలా వద్దా అని మెట్ల మీద నిలబడ్డాను. ఒకావిడ గిన్నె మోసుకుంటూ వచ్చి నన్ను చూసి ఆగింది.

"ఏరా అబ్బాయ్, తిన్నావా?"

"తిన్న."

"ఏం తిన్నావు?"

నేను ఆమె చేతిలోని గిన్నె వైపు చూశాను.

"అబద్ధం కూడా తిన్నగా చెప్పలేవు. రా, ఆ పక్క పట్టుకో."

"మా దేవుడు వేరే అక్కా."

"అయితే ఏంటి, మీ దేవుడు చేపల పులుసు వద్దన్నాడా?"

అంతే. ఆ తర్వాత డ్యూటీ లేని ఏ శుక్రవారమూ నేను మానలేదు. సూపర్‌వైజర్‌తో గొడవపడి కోపంతో ఊగిపోతూ వెళితే ఆమె ఊరుకోబెట్టేది కాదు. "తిడితే పూర్తిగా తిట్టు. సగం కడుపులో దాచుకుంటే పులిసిపోద్ది. కానీ ముందు తిన్నావా అని అడుగు, ఆ తర్వాత తిట్టు" అనేది. ఆమెకు చదువు లేదు. కూతురు పంపే ఎండురొయ్యల పొట్లాలకు చుట్టిన పాత పేపర్లను చేత్తో సాపు చేసి, నా ముందు పెట్టి చదవమనేది. పదోతరగతి తప్పినవాణ్ని. నూనె మరకల మధ్య అక్షరాలు వెతుక్కుంటూ చదివేవాణ్ని. తడబడితే "మళ్లీ చదువు, నాకు బొమ్మ కనపడలేదు" అనేది. ఈ నాలుగు ముక్కలు ఇవాళ రాయగలుగుతున్నానంటే ఆ రొయ్యల వాసన పేపర్ల వల్లే.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏ వంటనైనా కంటితో కాదు, చెవితో చూసేది. ఎసరు కాగిందా అని మూత తీసేది కాదు, తల వంచి వినేది. దోసెల పిండి గిన్నెకు చెవి ఆనించి కళ్లు మూసుకునేది. "ఇనపడతందా? లోపల లేచింది" అనేది. నేనూ చెవి పెట్టేవాణ్ని. నాకు ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. ఆమె వెంట ఎప్పుడూ ఆ ఇంటి పాప ఉండేది. నాలుగేళ్ల పిల్ల. పాప కూడా గిన్నెకు అటువైపు చెవి ఆనించి, అచ్చం ఆమెలాగే కళ్లు మూసుకునేది. వాళ్లిద్దరూ ఏదో వింటూ తలలూపుకుంటుంటే మధ్యలో నేను చెవిటివాడిలా నిలబడేవాణ్ని.

ఆ ఇంటివాళ్లు మన దేశం వాళ్లే, మన భాష వాళ్లు కాదు. ఈ ఎండాకాలం బహ్రెయిన్ వేడి తప్పించుకోవడానికి కుటుంబమంతా జార్జియా వెళ్లింది. సారు అన్నదమ్ములు, మేడం చెల్లెలు, కాలేజీ నాటి స్నేహితులు తలా ఒక దేశం నుంచి వచ్చి కలిశారు. పిల్లను చూడ్డానికి పెద్దక్కను వెంట తీసుకెళ్లారు. అక్కడి నుంచి నాకు రోజూ ఆమె గొంతు వచ్చేది, వాయిస్ మెసేజ్‌లలో.

"ఒరే అబ్బాయ్, రోజుకి మూడు తోటలురా. ఒకళ్లు పోతే ఇంకొకళ్లు దిగుతన్నారు. గ్లాసులు కడగలేక చస్తన్నాను. వీళ్లు తాగుతారు, పుక్కిలిస్తారు, ఉమ్మేస్తారు. కొనుక్కుని ఉమ్మడం ఏంట్రా? మన పాస్టరుగారు చూస్తే మూర్ఛపోతారు."

"నువ్వు గూడ జర రుచి సూడరాదక్కా" అని పంపాను.

"ఛీ పో. నాకు చర్చిలో ప్రభువు బల్ల దగ్గర గుక్కెడు చాలు."

తర్వాత కొన్ని రోజులకు ఆమె గొంతు మారింది. నవ్వు తగ్గింది. "ఇక్కడ కుండల్ని భూమిలో పాతేస్తారురా. గాదెంత కుండలు. మెడదాకా మట్టే. మూతి ఒక్కటే కనపడద్ది. మా గదుల వెనకంతా వరసగా మూతులే. నడుస్తుంటే ఎవరి నోట్లో కాలేస్తానో అని భయమేస్తంది."

ఆఖరి మెసేజ్ నా ఫోన్‌లో ఇంకా ఉంది. "తోటాయన ఒక ఖాళీ కుండ మూత తీశాడు. నేనూ పాపా వంగి పిలిచాం. తిరిగి పలికింది. మాట నాదే. గొంతు నాది కాదురా. లోపలెవరో కూర్చుని నా మాట నేర్చుకుంటన్నట్టు ఉంది. ఇను." తర్వాత పాప నవ్వు. తర్వాత పెద్దక్క పిలుపు, "ఎవరూ?" అని. కాసేపు ఏమీ లేదు. అయిపోయిందనుకుని ఫోన్ దించబోతుంటే అడుగు నుంచి వచ్చింది, "ఎవరూ." అడిగినట్టు లేదు. జవాబు చెబుతున్నట్టు ఉంది. నా వెనక సూపర్‌వైజర్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అరుస్తుంటే నాకు మొదటిసారి అతని అరుపు హాయిగా అనిపించింది.

ఆ తర్వాత ఆమె నుంచి ఏమీ రాలేదు. వచ్చింది కూతురి ఫోనే.

మేడం ఆన్‌లైన్‌లో పెట్టిన ఫొటోలు ఎవరైనా చూడొచ్చు, తాళం లేదు. ఒకటి తర్వాత ఒకటి చూశాను. కుటుంబం, స్నేహితులు, తోటలు, ఎత్తిన గ్లాసులు. మొదటి ఫొటోలన్నింట్లో పెద్దక్క ఉంది, కానీ ముక్కలుగా. ఒకదాంట్లో మోచెయ్యి. ఒకదాంట్లో పళ్లెం పట్టుకున్న వేళ్లు. ఒకదాంట్లో చీర కొంగు. ముఖం ఒక్కదాంట్లోనూ లేదు, కత్తిరించేశారు. ఒకచోట నుంచి ఆ ముక్కలు కూడా లేవు. కానీ ఫొటోలు ఆగలేదు. పూడ్చిపెట్టాక కూడా వాళ్లు తోటలు తిరిగారు. ఆ ఫొటోల్లో ఒక సంగతి చూశాను. అందరూ ఇంతకుముందులాగే నిలబడ్డారు. పాప పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడ్డారు. ఎవరూ దానిలోకి జరగలేదు.

చివరి ఫొటోలో పాప నేల మీద బోర్లా పడుకుని ఒక కుండ మూతి మీదికి వంగి ఉంది. కింద మేడం రాసింది, మా ఇంటి చిన్న వైన్ నిపుణురాలు అని. పెద్దది చేసి చూశాను. పాప వాసన చూడటం లేదు. చెవి ఆనించి ఉంది. కళ్లు మూసుకుని ఉంది.

కూతురు మళ్లీ ఫోన్ చేసింది. అక్కడ సమాధుల పండగ దగ్గరపడుతోంది. ప్రతి ఏడూ ఆమె వెళ్లి నాన్న సమాధికి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగిస్తుంది. "అమ్మ కోసం నాన్న పక్కన చోటు ఉంచాం అన్నయ్యా. ఆ ఖాళీ మట్టికి సున్నం వేయనా? అమ్మ ఏ ఊళ్లో ఉందో తెలిస్తే చాలు, అక్కడివాళ్లని ఎవరినైనా బతిమాలి ఒక కొవ్వొత్తి పెట్టించుకుంటాను." జవాబు జింజ్‌లో ఉంది.

సెలవు రోజు వెళ్లాను. వాళ్లుండే బిల్డింగ్ వాచ్‌మన్ జగిత్యాల మనిషి. మామా అని పిలుస్తాను. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"అచ్చినవా? ఆ పోరి ముచ్చట యాదికొచ్చింది గానీ ఎట్ల జెప్పాల్నో తెల్వలే. ఆడికెళ్లి అచ్చినకాన్నుంచి ఇంగ్లీషు బందు వెట్టిందిరా. అన్నీ మన మాటలే. అవి గూడ పోరి మాటలు గావు, ఆ అక్క మాటలు. మొన్న లిఫ్ట్‌ల నన్ను జూసి, మోకాళ్ల నొప్పి తగ్గిందా అన్నయ్యా అన్నది. నాకు చెమటలు వట్టినయ్."

"భయపడ్డవా మామా?"

"నువ్వు వో పైకి, నీకే ఎరుకైతది."

మేడం గొలుసు తీయకుండా తలుపు తెరిచింది. మేం చేయాల్సిందంతా చేశాం, కూతురికి చెప్పాం, ఆసుపత్రి వాళ్లు కూడా ఏమీ చేయలేకపోయారు, అంది. ఊరి పేరు అడిగాను. నోరు తిరగదంది. సారును అడగమన్నాను. ఆయనకూ గుర్తులేదంది. అప్పుడు ఆమె మోకాళ్ల పక్క నుంచి పాప తల బయటికొచ్చింది.

"ఏరా అబ్బాయ్, తిన్నావా?"

చిన్నపిల్ల గొంతే. కానీ ఆ సాగదీత, ఆ "అబ్బాయ్" దగ్గర చిన్న విసురు ఆమెవి. నా నోటి నుంచి జవాబు దానంతటదే వచ్చేసింది. "తిన్న అక్కా."

పాప తృప్తిగా తలూపింది.

"పెద్దక్క ఏది తల్లీ?" అని అడిగాను.

"పడుకుంది. గుండెల్లో నొప్పి అంది. అమ్మావాళ్లు తోటకెళ్లారు. నీళ్లిచ్చాను, తాగలేదు. జో కొట్టాను. చీకటి పడింది, ఎవరూ రాలేదు. మళ్లీ జో కొట్టాను." తర్వాత తల్లికి అర్థమైపోతుందేమో అన్నట్టు గొంతు తగ్గించింది. "తర్వాత కుండలో పెట్టేశారు. పిలిస్తే పలుకుద్ది. గొంతు మారిపోయింది, అంతే."

చదివేవాళ్లారా, ఇందులో ఆసుపత్రి ఎక్కడుందో నాకు చూపించండి.

మేడం గొలుసు పట్టుకుని నా ముఖంలోకి చూస్తోంది. కోపంగా కాదు. భయంగా. "ఏం చెబుతోంది? తిరిగొచ్చాక ఇంతే, ఒక్క ముక్క అర్థం కావడం లేదు. డాక్టర్లకూ అర్థం కావడం లేదు. ఏం చెప్పింది, చెప్పు భయ్యా."

"ఊరి పేరు చెప్పండి, చెప్తాను" అన్నాను.

ఆమె తలుపు మూసేసింది. పిల్ల విషయంలో బేరం పెట్టానని తిట్టేవాళ్లు తిట్టండి, పూర్తిగా తిట్టండి. ఇక్కడ అంతా రాసేశాను, ఇక బేరం లేదు. ఆ బిల్డింగ్‌లో పనిచేసే మన ఆడవాళ్లు, డ్రైవర్లు ఉన్నారు. ఎవరైనా వెళ్లి ఇది చదివి, వాళ్ల భాషలో వాళ్లకు చెప్పండి. ఆ పిల్ల మాట్లాడే భాషలో జవాబిచ్చే మనిషి ఇప్పుడు ఆ ఇంట్లో లేదని కూడా చెప్పండి.

ఇక వాళ్లకే రాస్తున్నాను. సారూ, మేడం, మాకు ఇంకేమీ వద్దు. ఊరి పేరు కావాలి. ఆ ఊళ్లో ఏ చర్చి దగ్గర, ఏ పక్కన పెట్టారో కావాలి. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం ఆరాధన ముగిసేలోగా చెప్పండి. ఫోన్ చేసినా చాలు, వాచ్‌మన్‌కు చీటీ ఇచ్చినా చాలు. నిజంగానే గుర్తులేకపోతే పాపను చెయ్యి పట్టుకుని మా హాలుకు తీసుకురండి. మేమందరం చుట్టూ కూర్చుని అడుగుతాం. పాపకు గుర్తుంది. తలుపు మూసుకున్నాక లోపలి నుంచి నాకు ఇంకో మాట వినపడింది. "అక్కడ నల్లకుక్క ఉందిరా అబ్బాయ్. మేం వచ్చేస్తుంటే పెద్దక్క మీద ఎక్కి పడుకుంది. తోలినా లేవలేదు."

రాయి లేదు, శిలువ లేదు, పేరు లేదు. కొండల్లో ఎక్కడో తవ్వి పూడ్చిన కొత్త మట్టి మీద ఒక నల్లకుక్క ముడుచుకుని పడుకుని ఉంది. శుక్రవారం దాకా ఆమె కూతురికి నేను చెప్పగలిగిన చిరునామా అదొక్కటే.