మిద్దె మీద ఆఫీసరు

పెనుకొండ దగ్గర, పొలంలో ఉన్న మా పాత మట్టి మిద్దెకు పురావస్తు శాఖవాళ్లు ‘రక్షిత కట్టడం’ అని బోర్డు పెట్టి పోయారు. అప్పటినుంచి మమ్మల్ని చేయి పెట్టనివ్వరు, వాళ్లూ బాగుచేయరు. మొన్నటి వానకు కప్పు కారి, మా అత్త పడుకునే మూలన మట్టిపెళ్లలు రాలాయి. ఇక ఆగలేక ఈ రోజు నేనే పైకెక్కి, మా పెద్దలు చేసినట్టే, నీళ్లు దిగకుండా కప్పు మీద చౌడుమట్టి పరచడం మొదలుపెట్టాను. ఎవరు చెప్పారో, ఆ శాఖ ఆఫీసరు జీపులో దిగాడు. నిచ్చెనెక్కి వచ్చి మట్టితట్టను కాలితో తన్నాడు.

“పని ఆపమ్మా. ఇది మా వాళ్లే చేయాలి.”

“ఎప్పుడొస్తారు సార్?”

“వచ్చినప్పుడు వస్తారు.”

కిందున్న అత్త నిచ్చెన లాగేసింది. “అయితే వాళ్లొచ్చేదంకా ఆడే ఉండప్పా. పెళ్లలు నెత్తిన పడతాంటే నేను ఈడే కదా పండుకుంటాండేది!”

ఆయనతోపాటు నేనూ పైనే చిక్కుకున్నాను. ఆయన అరుస్తూ ఫోన్లు చేస్తుంటే నేను మట్టి పరుస్తూనే ఉన్నాను. ఆ మూల పూర్తయ్యాకే అత్త నిచ్చెన వేసింది. కేసు పెడతానని తిట్టుకుంటూ పోయాడు. పెట్టుకోనీ.

ఎండకు ఆయన మొహం కందిపోయింది. నాకు మాత్రం జాలి కలగలేదు. మీకు కలిగిందా?