నీలం బరకం

మా అమ్మ కాఫీ గింజల్ని పేడతో అలికిన కళ్లంలో ఆరబెట్టేది. గింజకు పేడ వాసన వస్తోందని కొనుబడిదారు వంక పెట్టాడు. అందుకని అరకులోయ సంతలో నీలం టార్పాలిన్ బరకం కొని తెచ్చి పరిచాను. తెచ్చింది నేనే. ఈ మాట ఇప్పటికీ మింగుడుపడదు.

నాలుగేళ్ల ఎండకు బరకం పెళుసెక్కింది. సాయంత్రం గింజలు ఎత్తాక చెరో కొస పట్టుకుని దులిపితే నీలం పొడి లేచేది. కొత్తది తెమ్మని అమ్మ అంది. ఇంకో ఏడాది వస్తుందిలే అన్నాను.

ఆ చలికాలంలోనే ఒకరోజు దులుపుతుండగా అమ్మ కొస వదిలేసింది.

"కంట్లో ఏటో పడింది. సూడు."

చూశాను. ఏమీ కనబడలేదు. నీళ్లతో కడిగాను. రెండు రోజులైనా ఆమె కన్ను నలుపుకుంటూనే ఉంది. కోత అయ్యాక ఆస్పత్రికి వెళ్దామన్నాను. వారం తిరిగేసరికి కన్ను చింతనిప్పులా అయింది, నల్లగుడ్డు మీద తెల్లని చుక్క లేచింది. అప్పుడు ఆటో ఎక్కించాను.

డాక్టరమ్మ పైరెప్ప తిరగేసి, సన్నటి పట్టకారుతో ఒక పోగు తీసి దూది మీద పెట్టింది. వెంట్రుకలో సగం కూడా లేదు. నీలం రంగు.

"ఇదే రెప్ప కింద చేరి గుడ్డును గీకేసింది. పుండు మానుతుంది కానీ మచ్చ పోదు, ఆ కంట చూపు ఆనదు" అంది.

"ఇంకా ఉన్నాయా?" అనడిగాను.

"కనబడింది తీశాను. అంతకంటే సన్నవి కంట్లో ఉండిపోయి ఏం చేస్తాయో మాకే ఇంకా సరిగ్గా తెలీదమ్మా."

చుక్కల మందు ఇచ్చింది. అదీ ప్లాస్టిక్ సీసాలోనే.

అమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిరుగు దారిలో మాత్రం, "పేడ ఎవులి కన్నూ తియ్యలేదే గుంటా" అంది.

మరుసటి ఏడు కొనుబడిదారు ఎర్రగా పండిన కాఫీ పళ్లనే, కోసినవి కోసినట్టే కొంటానన్నాడు, ఎండబెట్టే పని తనదేనట. అతని మనిషి వచ్చి మా బుట్ట ఒలకబోసి, ఎర్రటి పళ్ల నడుమ నుంచి గుప్పెడు పచ్చికాయలు ఏరి చూపించాడు.

"ఇవేటి? ఎవరు కోశారు?"

అమ్మ తల వంచుకుంది. కన్ను పోకముందు ఒక్క పచ్చికాయా తుంచని చెయ్యి ఆమెది.

"నేనే" అన్నాను.

"కళ్లు కనబడవా?" అన్నాడతను.