చక్రం ఆగిన మధ్యాహ్నం

నిన్న మధ్యాహ్నం వాన వెలిశాక, మెట్ల కింద ఉన్న స్విచ్చిబోర్డు మూత తీసి, ట్రిప్పు స్విచ్చి పక్కనున్న చిన్న బొత్తాం నొక్కాను. టక్‌మంది. ఫ్యాను రెక్కలు నెమ్మదించాయి. కొట్టులో పాల ఫ్రిజ్ ఒక్కసారి దగ్గి ఊరుకుంది. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దానికి తడిసిన సున్నపు వాసన ఉంటుంది, నా మటుకు నాకు. ఆ వాసన తగిలితే చాలు, పైడమ్మత్త నా వెనకే నిలబడి, అరచెయ్యి తిప్పి, చేతి వెనకభాగంతో గోడను తడుముతున్నట్టే అనిపిస్తుంది. ఆమె పోయి మూడు వర్షాకాలాలు దాటాయి.

పైడమ్మత్త మాకు చుట్టం కాదు. మలేషియాలో, క్లాంగ్ ఊళ్ళో మా కిరాణాకొట్టుకు నాలుగిళ్ళ అవతల ఒంటరిగా ఉండేది. కరెంటు తీగలు చేసే ఫ్యాక్టరీలో, బయటికెళ్ళే ప్రతి తీగనూ ఆఖరున పరీక్షించే బల్ల దగ్గర ఆమె ఉద్యోగం. రిటైరయ్యాక ఆ పరీక్షలన్నీ మా వీధిలో ఇళ్ళమీద మొదలుపెట్టింది. ఎవరింటికెళ్ళినా కూర్చునేముందు ప్లగ్గులు వేడెక్కాయేమో తాకి చూసేది. నేనేమో కొట్టులోనే పుట్టి పెరిగినవాణ్ణి. చెప్పిన ధరకే ఏదైనా కొన్నామంటే అన్నం సహించని జాతి మాది. ఉత్తినే వచ్చే సలహాను సరుకు కిందే లెక్కపెట్టేవాణ్ణి కాదు.

ఒకరోజు ఆమె పెరుగు కోసం వచ్చి ఫ్రిజ్ తలుపు దగ్గర ఆగిపోయింది.

"అబ్బాయా, ఒక నోటియ్యి."

"ఎందుకత్తా?"

"ఇయ్యి లా, తినేయను." ఇక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలించడం ఆమెకూ అలవాటైంది.

పది రింగిట్ల నోటిచ్చాను. దాన్ని తలుపు సందులో పెట్టి మూసి, కొస పట్టుకుని లాగింది. ఏ అడ్డూ లేకుండా జారి వచ్చేసింది.

"రబ్బరు వదులైపోనాది. సల్లదనమంతా బయటికి పోతన్నాది. ఈదంతటికీ ఏసీ పెట్టినావు, దర్మాత్ముడివి."

"సరేగానీ, నా నోటు?"

"నీ ఫ్రిజ్జే వదిలేసినాది. నేను పట్టుకున్నాను."

నేను వెంటనే బేరంలోకి దిగాను. చివరికి నోటు నాకిచ్చి, దానికి బదులు పెరుగూ ఉల్లిపాయలూ పట్టుకుపోయింది. గెలిచాననుకుని లోపలికొచ్చాక తెలిసింది, ఓడింది నేనేనని.

ఆ ఏడాదే నాన్న పోయాడు, జోరున వాన కురుస్తున్న రోజున. ఆ తర్వాత నుంచి వాన పడినప్పుడల్లా ట్రిప్పు స్విచ్చి పడిపోవడం మొదలైంది. కరెంటు దారి తప్పితే దానంతటదే ఆగిపోయి మనిషిని కాపాడే స్విచ్చి అది. నాకు మాత్రం అది ఐస్‌క్రీములు కరిగించే శని. ఫ్యాను బిగించడానికొచ్చిన వైర్‌మ్యాన్‌తో బేరమాడి, ఆ కూలిలోనే దాన్ని తప్పించి తీగ కలిపించుకున్నాను. సెంటు కూడా అదనంగా ఇవ్వలేదు. ఆ తెలివిని అమ్మకు రెండుసార్లు చెప్పుకున్నాను.

కొన్నాళ్ళకు అమ్మ స్నానానికి వెళితే ఎంతసేపటికీ బయటికి వచ్చేది కాదు. ఏమిటని అడిగితే సిగ్గుపడింది.

"మీ నాన్న వస్తన్నాడురా. కొళాయి తిప్పితే సెయ్యి పట్టుకుంటాడు. సన్నగా, సీమ కుట్టినట్టు. వానొచ్చిన రోజే వస్తాడు."

నవ్వుదామనుకున్నాను, రాలేదు. చెప్పులతోనే వెళ్ళి కొళాయి పట్టుకున్నాను. ఏమీ లేదు. నా దగ్గరకు రాడేమో అనుకున్నాను. బతికుండగా మా ఇద్దరిమధ్యా బేరాలే తప్ప మాటలు తక్కువ.

ఒక వాన మధ్యాహ్నం, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి బయల్దేరుతూ, అమ్మ ఈ సంగతి పైడమ్మత్తకు కాస్త గర్వంగానే చెప్పింది. పైడమ్మత్త గభాల్న అమ్మ మణికట్టు పట్టుకుంది.

"కూకో వదినా. అబ్బాయా, ఇంట్లో ఉన్న స్విచ్చిలన్నీ ఆపెయ్యి. ప్లగ్గులు పీకెయ్యి. మెయిన్ ఒక్కటీ ఉంచు."

అన్నీ ఆపేశాను. పట్టపగలే ఇల్లంతా మసకబారింది. ముగ్గురం మీటరు ముందు నిలబడ్డాం. అది పాత మీటరు, అద్దం వెనక పళ్ళెంలాంటి చక్రం, దానిమీద ఒక నల్లటి గీత. ఇంట్లో ఏదీ వెలగడం లేదు, ఏదీ తిరగడం లేదు. చక్రం మాత్రం తిరుగుతోంది. నల్లగీత మెల్లగా వెనక్కి పోయి, తీరిగ్గా మళ్ళీ ముందుకొచ్చింది.

"సూసినావా?" అంది అమ్మ గుసగుసగా. "ఉన్నాడు."

నేనొక అడుగు వెనక్కి వేశాను. పైడమ్మత్త మాత్రం బోర్డు మూత తీసింది. బోర్డులో చిన్న స్విచ్చిలను ఒక్కొక్కటే కిందికి దించింది. మూడోది, స్నానాలగదిది, దించగానే చక్రం ఆగిపోయింది. స్నానాలగదికి వెళ్ళి, కరెంటు తగిలితే అరచెయ్యి ముడుచుకుని పట్టేసుకుంటుందని, అలవాటుగా గోడకు చేతి వెనకభాగం ఆనించింది. గోడ చెమర్చి ఉంది. పైన వాననీటి గొట్టం ఆకులతో పూడుకుపోయి, నీళ్ళన్నీ గోడలోకే దిగుతున్నాయి. లోపల తీగ కుళ్ళింది. కరెంటు ఆ తడిలోంచి నీటిగొట్టంలోకి, అక్కణ్ణుంచి కొళాయికి నడిచి వస్తోంది. నన్ను కాపాడింది నా రబ్బరు చెప్పులు.

"మరి ట్రిప్పు స్విచ్చి పడాల గదా?" అంది నా ముఖంలోకి చూస్తూ.

బేరానికి తప్ప దేనికీ తిరగని నాలుక, ఆ పూట నిజానికి తిరగాల్సి వచ్చింది. "నేనే తీయించేశానత్తా. వైర్‌మ్యాన్ ఉత్తినే చేస్తానన్నాడు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "వానొచ్చిన పెతిసారీ అది నీకు సెప్పినాది. నువ్వు దాని నోరు నొక్కేసినావు. మీ అమ్మ ఒట్టికాళ్ళతో నిలబడతాది, అబ్బాయా." తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, "నేను ముట్టుకోను. లైసెన్సున్నోణ్ణి పిలు. ఆడు ఎంతంటే అంత," అంది.

జీవితంలో మొదటిసారి అడిగినంతా ఇచ్చాను. కొత్త తీగ వేశారు, స్విచ్చి తిరిగి పెట్టారు, గొట్టంలో ఆకులు నేనే ఎక్కి తీశాను. మళ్ళీ వానొచ్చిన రోజు అమ్మ స్నానం చేసి తొందరగానే వచ్చేసింది. "రాలేదు," అని మాత్రం అంది. కంచం ముట్టలేదు. పైడమ్మత్త వచ్చి, ఆ పూటంతా అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నాతో, "నెలకోపాలి బొత్తాం నొక్కు. టక్కుమనకపోతే నన్ను పిలు," అంది.

ఇప్పుడు పిలవడానికి ఆమె లేదు. మీటరూ మారింది. చక్రం లేదు, కరెంటు ఖర్చవుతున్నంతసేపూ చిన్న ఎర్రదీపం మిణుకుమంటుంది. నెలనెలా బొత్తాం నొక్కి, మళ్ళీ కరెంటు ఎక్కించి, ఇంట్లో అన్నీ ఆపేసి ఆ దీపం ముందు నిలబడతాను. నిన్నా నిలబడ్డాను. అది మిణుకుమనలేదు. లోపలి నుంచి అమ్మ ఎప్పటిలాగే అడిగింది.

"ఉన్నాడా?"

"లేడమ్మా."

తర్వాత రబ్బరు చెప్పుల అడుగులు, కొళాయి తిప్పిన చప్పుడు. ఆ నీళ్ళు పడుతున్నంతసేపూ నేను ఇవతలే నిలబడి, చేతి వెనకభాగాన్ని గోడకు ఆనించి ఉంచాను.