అరవని ఇనుము

మా బావ కొన్న మోటారు సైకిలు రామగుండం స్టేషన్లో రైలు దిగిన రోజే దాని పేరు ఊడిపోయింది. మీద కప్పిన గోనెపట్టా తీస్తుంటే, ట్యాంకు మీద కంపెనీ పేరున్న మెరుపు బిళ్ళ కూడా పట్టాతో పాటే వచ్చేసింది. హమాలీ దాన్ని బావ చేతిలో పెట్టి, "అన్నా, గిది జేబుల ఏస్కో. ఇంటికి పోయేదాక ఇంకేమేం ఊడ్తయో" అన్నాడు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. అంత సొమ్ము మింగి ఒక్క బిళ్ళను సరిగా బిగించలేకపోయిన ఆ ఫ్యాక్టరీని, ముసలిదాన్నయినా నేనింకా తిట్టుకుంటూనే ఉన్నాను.

డెబ్బైల మొదటి రోజులవి. గోదావరిఖనిలో ఆఫీసర్లకు జీపులు, మాకు సైకిళ్ళు, నడుమ ఒకటీ అరా స్కూటర్లు. అలాంటి చోట బాయిలో, అంటే బొగ్గు గనిలో, పనిచేసే మనిషి అంత పెద్ద మోటారు సైకిలు ఎందుకు కొన్నాడంటే, మా బాపు వల్ల.

బాపు బొగ్గు బాయిలో సర్దార్. భూమి కింద పనిచేసే ఒక ముఠాకు పెద్ద. బావ ఆ ముఠాలోనే ఉండేవాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కట్టె దుంగలు నిలబెట్టి, సందుల్లో చెక్కముక్కలు దిగ్గొట్టి బిగించడం అతని పని. ఆ పని నేర్పింది బాపే. కింద ఉన్నంతసేపు ఇద్దరిదీ ఒకటే అన్నం డబ్బా. "నాకు కొడుకు లేని లోటు వీడు తీర్చిండు" అని బాపు మా అవ్వతో అనడం నేను విన్నాను. మేము నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. అయితే మా అక్క అతన్నే చేసుకుంటానని నోరు తెరిచిన పూట, వాళ్ళది చర్చికి పోయే ఇల్లని, వాళ్ళ తాత చెప్పులు కుట్టేవాడని బాపుకు ఒక్కసారిగా గుర్తుకొచ్చింది. బాయి చీకట్లో ఏ రోజూ కనబడని కులం మా వాకిట్లో కనబడింది.

అక్క ఎవరికీ చెప్పకుండా వెళ్ళి అతన్ని పెళ్ళి చేసుకుంది. బాపు బయటికొచ్చి క్వార్టర్ల వాళ్ళంతా వినేటట్టు అరిచాడు.

"వాని ఎంబడి నడుచుకుంట పోయింది గదా! మళ్ల ఇద్దర్ల ఎవలు నడుచుకుంట నా గడప దొక్కినా కాళ్లు ఇరగ్గొడ్త!"

అక్క ఇల్లు మాకు అరమైలు దూరం కూడా లేదు. అయినా అవ్వ పోకూడదు, అక్క రాకూడదు. రేషన్ దుకాణం దగ్గర ఇద్దరూ ఎదురుపడితే అవ్వ తల దించుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. బాపు కళ్ళు గప్పి కూర గిన్నె పట్టుకుపోయేదాన్ని నేనొక్కదాన్నే. అక్కకు ఇంకేమీ అక్కర్లేదు, ఒక్కసారి అవ్వ దగ్గర కూర్చుని తల దువ్వించుకోవాలని ఉండేది. అది చెప్పి ఏడ్చిన రోజే బావ ఆ మాట అన్నాడు.

"మామ నడుచుకుంట రావద్దన్నడు గదా. మంచిది, నడువం. ఊర్ల ఎవలికీ లేని బండి మీద పోతం. అప్పుడేమంటడో చూస్త."

నవ్వుతాలకే అన్నాడనుకున్నాం. కాదు. అక్క మెడలోవి, చేతులవి నగలన్నీ అమ్ముడుపోయాయి. ఆ పైసలు పెడితే కమాన్‌పూర్ దిక్కు మాగాణి వచ్చేది. దానికి బదులు హైదరాబాదు నుంచి ఈ బండి వచ్చింది.

పైన పటారం, లోన లొటారం అనే సామెత ఆ బండిని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. ఎండలో పెడితే కళ్ళు చెదిరే మెరుపు. కింద చూస్తే ఎప్పుడూ ఆయిలు మడుగు. మొదటి వానకే మెరుపు కింద తుప్పు కనబడింది. కిక్కు కొడితే ఒక రోజు కిక్కు రాడ్డే ఊడి పక్కింటి కోళ్ళ గూట్లో పడింది. నట్లు ఎవరో నిద్రకళ్ళతో తిప్పినట్టు ఉండేవి. ఇనుము ఇనుముతో అతికించిన చోట్ల పిట్ట రెట్ట వేసినట్టుండేది వెల్డింగు. బావ రైలెక్కి హైదరాబాదు పోయి కొన్న చోట అడిగితే, "కొత్త బండి అట్లనే ఉంటది. నడవంగ నడవంగ సర్దుకుంటది" అని చాయ్ తాగించి పంపారట.

ఇక్కడ మా వాళ్ళ నోళ్ళు తక్కువవా! బండిని తోసుకుంటూ వస్తుంటే, "అన్నా, నువ్వు బండి మీద పోతున్నవా, బండికి తోడు పోతున్నవా?" అనేవాళ్ళు. బాపు ఇవన్నీ డ్యూటీ నుంచి మోసుకొచ్చి అన్నం దగ్గర అవ్వకు వినిపించేవాడు. ఆమె తినలేకపోతుంటే ఇంకొంచెం చెప్పేవాడు. నా కన్నతండ్రి అయినా, అలాంటప్పుడు ఆయన ముఖం చూడాలనిపించేది కాదు.

బావకు పట్టుదల పెరిగింది. బాయి పనే బండికీ చేశాడు. ఎక్కడ చప్పుడొస్తే అక్కడ సన్నగా చెక్కిన చెక్కముక్క దిగ్గొట్టాడు. మడ్‌గార్డు కింద ఒకటి, సీటు కింద ఒకటి, ట్యాంకు సందులో ఒకటి. బాయిలో బాపు అతనికి మొదటి రోజు నేర్పిన పాఠం ఇది: "కట్టె ఇరిగే ముంగట అరుస్తది. అరిస్తే ఉరుకు. సప్పుడు లేదంటే ఫికర్ లేదు." కింద అది ప్రాణాలు నిలబెట్టే మాట. దుంగ మీద బరువు పడితే కిర్రుమంటుంది, ఆ కిర్రు విని పరుగెత్తినవాళ్ళే మా వాడలో ముసలివాళ్ళయ్యారు. బావ చెవులు ఆ మాటకే అలవాటు పడ్డాయి. ఒక్కో చప్పుడూ నొక్కుకుంటూ వచ్చాడు. చివరికి బండి చప్పుడు లేకుండా, మెత్తగా నడవడం మొదలుపెట్టింది.

"ఇగ కూసున్నది" అన్నాడు బావ, బాయిలో పైకప్పు కుదురుకున్నప్పుడు అన్నట్టే. అక్క ఆ రోజు పాయసం చేసింది.

దసరా వచ్చింది. ఆ సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెడితే పగవాడినైనా కౌగిలించుకుని అలాయ్‌బలాయ్ తీసుకోవాలి. అది మా దిక్కు మర్యాద. చర్చికి పోయే ఇంటివాడైనా బావకు ఆ సంగతి తెలుసు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, చొక్కా జేబులో జమ్మి పెట్టుకున్నాడు. అక్క పట్టుచీర కట్టుకుని వెనుక కూర్చుంది. నేను ముందే చెవిలో వేసి ఉంచడంతో అవ్వ దువ్వెన, నూనె గిన్నె తీసి పెట్టుకుంది. బాపు తెల్ల ధోతి కట్టుకుని వాకిట్లో కుర్చీ వేసుకున్నాడు. పక్కన ఆయన ముఠా వాళ్ళు.

మా క్వార్టర్లకు వచ్చే రోడ్డు ఎత్తు మీది నుంచి దిగుతుంది. బండి ఎత్తు మీద కనబడింది. చప్పుడే లేదు, ఎంత బాగా వస్తుందో అనుకున్నాను. సగం దిగిందో లేదో, ముందు చక్రం, దాన్ని పట్టుకున్న కడ్డీలు, హ్యాండిలు అన్నీ కలిసి బండిని వదిలేసి ఒక దిక్కు పోయాయి. మిగిలింది ముక్కు నేలకు కొట్టుకుని పల్టీ కొట్టింది. కిర్రు లేదు, కుర్రు లేదు. ఇనుము అరవకుండానే విరిగింది.

అందరూ నవ్వారు. ఆ బండి మాకు నవ్వుల బండి కదా, ఇది కూడా రోజూ జరిగేదే అనుకున్నారు. అందరికంటే పెద్దగా బాపు నవ్వాడు. కుర్చీలోంచి లేచి తొడ చరిచి, "ఇగో, మా అల్లుడు దిగిండు!" అన్నాడు. ఆయన నోట అల్లుడన్న మాట రావడం అదే మొదలు. ఇసుకలో పడిన అక్క లేచి మా దిక్కు చూసింది. నవ్వుతున్న బాపును చూసింది. ఆ తర్వాత ఇంజను కింద నలిగిన మనిషిని చూసి అరిచింది. అప్పుడుగానీ నవ్వులు ఆగలేదు.

దవాఖానలో బావ కాలు మోకాలి కిందికి తీసేశారు. విరిగిన చోటు చూసిన వర్కుషాపు మనిషి, సగం అతుకు ఫ్యాక్టరీలోనే అతకలేదని, రంగు పూసి కప్పేశారని, లోపల అంతా పాత తుప్పేనని చెప్పాడు. ఎవరిని అడగాలి? బావకు బాయి కింద పని పోయింది, కిందికి దిగేవాళ్ళకు దీపాలిచ్చే పైగదిలో కూర్చునే పని ఇచ్చారు. సర్దార్ నాలుక మీద మచ్చ ఉందని, కాళ్ళు విరగ్గొడతానన్నది నిజమైందని వాడంతా చెప్పుకున్నారు. ఆ మాట బాపు చెవిన పడింది. నెల తిరక్కముందే మనిషి సగమయ్యాడు.

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, నా ముఖం చూడకుండా అన్నాడు. "పోయి అక్కను రమ్మను. ఆయన్ను గూడ తోల్కరమ్మను. ఎట్ల వచ్చినా మంచిదే."

పరుగెత్తుకుంటూ పోయాను. అక్క బావకు అన్నం పెడుతోంది. విని, గరిట గిన్నెలో పెట్టి, చాలా నెమ్మదిగా చెప్పింది.

"బాపుకు చెప్పు. మేం ఇద్దరం నడుచుకుంట వచ్చే దినం వస్తం."

ఆ మాటలో ఒక్క అక్షరం తగ్గించకుండా బాపుకు చెప్పాను. మెత్తగా మార్చి చెప్పాలని నాకు అనిపించలేదు. ఆ నవ్వు నేనూ విన్నాను కదా. అవ్వ దువ్వెన తీసి లోపల పెట్టేసింది.

పోయేదాకా బాపు ప్రతి దసరాకు జమ్మి ఆకు పట్టుకుని వాకిట్లో కుర్చీ వేసుకుని ఎత్తు దిక్కు చూస్తూ కూర్చునేవాడు. అక్క రాలేదు. అరమైలు కూడా లేని దారి అది. బాపుకు రెండు కాళ్ళూ బాగానే ఉండేవి. ఆయనా నడిచి పోలేదు.