రోజుకు ఒక్కటే మార్పు

గంగాదాస్‌కు ఒకటే నియమం. రోజుకు ఒక్క మార్పు. రెండోది ఏదైనా సరే, ఎంత చిన్నదైనా సరే, రేపటికి.

జ్వరమొచ్చి దవాఖానకు పోతే డాక్టరు మూడు రకాల గోలీలు ఇచ్చాడు. గంగాదాస్ ఒకటి వేసుకొని మిగతా రెండూ గూట్లో పెట్టాడు. "మూడు ఒక్కపారే మింగితె ఏ గోలి పనిజేసిందో ఎట్ల తెలుస్తది?" అన్నాడు, చలికి పళ్లు టకటకా కొట్టుకుంటుంటే. మూడో గోలీ వంతు వచ్చేసరికి జ్వరమే విసిగిపోయి వెళ్లిపోయింది.

కొత్త ఇంట్లోకి మారిన నాడు భార్య గంగమణి కొత్త గ్లాసులో చాయ్ ఇచ్చింది. "చాయ్ బాగలేకపోతె ఇంటిని తిట్టాల్నా, గ్లాసును తిట్టాల్నా?" అని ముట్టలేదు. "నన్ను తిట్టు, అలవాటే గద!" అని గంగమణి ఆ చాయ్ తనే తాగేసింది.

ఈ పిచ్చి ఆయనకు మెయిల్ సర్వరు దగ్గర అంటుకుంది. ఆర్మూరు పసుపు మార్కెట్ దారిలో రాజేశ్వర్ సేటు మెయిల్ సెంటర్ పెట్టి, మిషన్లు చూసుకునే పనికి గంగాదాస్‌ను పెట్టుకున్న కొత్త అది. ఇంటింటికీ కంప్యూటర్లు లేని రోజులు. మస్కట్‌లో, దుబాయిలో ఉన్న మగవాళ్లకు ఆడవాళ్లు చెప్పే మాటలూ, వ్యాపారుల పసుపు రేట్లూ అన్నీ ముందు ఆ సర్వరులో పోగయ్యేవి. అది గంటకోసారి ఫోను లైను మీద హైదరాబాదుకు కూతపెట్టి వాటిని పంపేది, వచ్చినవి తెచ్చుకునేది. ఆ కూత ఆగిందంటే గంగాదాస్ సెట్టింగుల్లో ఒకే ఒక్క లైను మార్చి, తన పేరుకే ఒక మెయిలు పంపుకొని, అది తిరిగి వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చునేవాడు. రాకపోతే ఆ లైను మళ్లీ ఎప్పటిలా పెట్టి, మరొకటి. రోజుకు ఒకటి కాకుండా ఒకసారికి ఒకటి అనే సడలింపు సర్వరుకు మాత్రమే ఉండేది.

ఆ మెయిళ్లన్నీ టైపు చేసేది తార. తొమ్మిదో తరగతిలో బడి ఆగిపోయి, తల్లి నీలవ్వ పక్కన బీడీలు చుట్టిన పిల్ల. తల్లి దగ్గు వింటూ పెరిగింది కాబట్టి, ఈ కుర్చీ దొరికాక దాని అంచు మీదే కూర్చునేది, ఎవరైనా లెమ్మంటారేమోనని. మాట తక్కువ. చూపు మాత్రం దేన్నీ వదలదు.

ఒక గురువారం రాజేశ్వర్ సేటు కొత్త సర్వరు, కొత్త ప్రోగ్రాము, కొత్త మోడెమ్ ఆటోలో దించాడు. మోడెమ్ అంటే ఆ ఫోను కూతలు పెట్టే డబ్బా.

"మూడు ఒక్కనాడే వద్దు సేటూ," అన్నాడు గంగాదాస్.

"ముహూర్తం ఒక్కటే ఉన్నది. మూడు ముహూర్తాలు యాడికెల్లి తేవాలె?"

"అట్లయితె మోడెమ్‌కు ఇయ్యి. మిగిలినయి ముహూర్తం లేకున్నా నడుస్తయి."

సేటు వినలేదు. పాతవి పీకేశారు, కొత్తవి పెట్టారు. తార పళ్లెంలో పసుపు తడిపి, కొత్త సామానుకు చేయాల్సినట్టే అన్నిటికీ బొట్లు పెట్టింది. ఒక్కదాన్నీ వదల్లేదు. అగరొత్తులు వెలిగించి సేటు స్విచ్ వేశాడు.

కూత లేదు.

సరిగ్గా అప్పుడే పసుపు వ్యాపారి లక్ష్మీనర్సయ్య వచ్చాడు. దుబాయి షావుకారుకు ఆయన రేటు సాయంత్రంలోగా మెయిల్లో అందాలి. రేపు శుక్రవారం, అక్కడ సెలవు. అందకపోతే బేరం వేరేవాళ్లకు పోతుంది.

"గోదాంల సరుకంత నీ ఇంట్ల పోస్త రాజేశ్వర్! మూడు తరాలు తాళింపు పెట్టుకో!"

"గంగాదాస్, జల్ది! అన్ని ఒక్కసారే సూడు!"

"అన్ని ఒక్కసారే మారిస్తెనే గిట్లయింది సేటూ."

పాత సర్వరు తెచ్చి తగిలించాడు. కూత లేదు. పాత ప్రోగ్రాము పెట్టాడు. లేదు. పాత మోడెమ్ తగిలించాడు. లేదు. గోడ దగ్గర ఫోను తగిలించి విన్నాడు, లైను బంగారంలా ఉంది. ఒక్కో మార్పు తర్వాత చేతులు కట్టుకొని కూర్చుంటుంటే సేటు చొక్కా వీపంతా తడిసిపోయింది. లక్ష్మీనర్సయ్య గడియారం వైపు చూడటం మానేసి గంగాదాస్ మెడ వైపు చూడసాగాడు.

తార తన వేళ్ల వైపు చూసుకుంది. పచ్చగా ఉన్నాయి. ఏమేమి తాకిందో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. సర్వరు, కీబోర్డు, మోడెమ్... మోడెమ్‌లోకి దూర్చే ముందు ఫోను వైరు కొస. చెబితే కుర్చీ పోతుంది. చెప్పకపోతే ఇంకో గంట గడుస్తుంది.

"గంగన్నా..." అంది. ఎవరికీ వినబడలేదు. "గంగన్నా! ఆ వైరు కొసకు నేనే బొట్టు వెట్టిన!"

గంగాదాస్ వైరు పీకాడు. రాగి పుల్లల మధ్య తడి పసుపు పేరుకొని ఉంది. గుడ్డతో తుడిచి, ఫ్యాను ముందు ఆరబెట్టి, తగిలించాడు. మోడెమ్ కీచుమంది. అంత కర్ణకఠోరమైన శబ్దం విని లక్ష్మీనర్సయ్య చేతులెత్తి మొక్కాడు. పొద్దుగూకకముందే దుబాయి నుంచి జవాబు కూడా వచ్చింది. బేరం నిలిచింది.

సేటు తార వైపు తిరిగాడు. "రేపటి సంది రాకు పిల్లా. నేను వేరేటోళ్లను సూసుకుంట."

"రేపటి సంగతి రేపు సేటూ," అన్నాడు గంగాదాస్. "ఇయ్యాల్ల మూడు మారిస్తె ఏమైందో సూసినవు. టైపు మనిషిని మారుస్తవా? మార్చు. కానీ ఆ రోజు దుకాణంల ఇంకోటి మారొద్దు."

సేటు అలిసిపోయి తలూపాడు.

మర్నాడు తార భయంభయంగా వచ్చింది. సేటు నోరు తెరిచాడు.

"ఇయ్యాల్టిది అయిపోయింది సేటూ," అన్నాడు గంగాదాస్. "పొద్దుగాలనే బల్బు మార్చిన."

ఆ మర్నాడు క్యాలెండరు గోడ మారింది. తర్వాత సేటు కుర్చీ. తర్వాత చెప్పులు విడిచే చోటు. సేటు ఎంత తొందరగా వచ్చినా ఏదో ఒకటి అప్పటికే మారి ఉండేది. చివరికి ఒక పొద్దున షట్టరు తెరవకముందే వచ్చి నిలబడ్డాడు. తాళంచెవి పట్టలేదు.

"తాళం మార్చిన సేటూ," అన్నాడు వెనకనుంచి గంగాదాస్, కొత్త తాళంచెవి ఊపుతూ.

షట్టరు తెరిచి, తార వచ్చి తన కుర్చీ అంచు మీద కూర్చునేసరికి గంగమణి ఒక సంచి పట్టుకొని విసవిసా వచ్చింది. "సేటూ, నువ్వే న్యాయం జెప్పు. ఈయన అంగీ మార్చుకుంటలేడు. అడిగితె, ఇయ్యాల్టిది దుకాణంల అయిపోయింది అంటడు. ఎన్ని దినాలాయె! నేను పక్కకు కూసోని బువ్వ తినాల్నా, వద్దా?"

సేటు గంగాదాస్‌కు కాస్త దగ్గరగా వచ్చి, అంతకంటే వేగంగా వెనక్కి పోయాడు. ముక్కు మూసుకొని తార వైపు చూశాడు, తర్వాత ఆయన వైపు.

"ఓరి నాయనా! పిల్లను తీసేసేది లేదు, మార్చేది లేదు! నువ్వు వోయి ముందుగాల ఆ అంగీ మార్చుకో!"

గంగాదాస్ సంచి అందుకొని, లోపలి ఉతికిన చొక్కాను ప్రేమగా తడిమి, మళ్లీ గంగమణికే ఇచ్చాడు.

"ఇయ్యాల్టిది తాళంతోని అయిపోయింది సేటూ. రేపు."

తార మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలి, పకపకా నవ్వింది.