మినప కడుగులో మిగిలిన ముద్ద

మూడుసార్లు బాపట్లలోని ఆహార పరీక్షశాలకు వెళ్లాను. మూడుసార్లూ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి మరిచిపోయారు. నేను మాత్రం మరిచిపోలేదు.

తెనాలిలో ఇడ్లీ పిండి తయారుచేసే చోట పనిచేస్తాను. మినప్పప్పు కడిగిన నీళ్లు రోజూ నురగలు కక్కుతూ మురుగుకాల్వలోకి పోతాయి. వాటితో పాటు పప్పులోని బలమూ పోతోందని నా అనుమానం. ఒకరోజు ఆ నీళ్లను కాచి, అన్నం గంజి పులియబెట్టిన పుల్లటి తరవాణి పోశాను. పాలు విరిగినట్టు విరిగాయి. గుడ్డలో వడగడితే తెల్లటి ముద్ద మిగిలింది.

దాన్ని తడిగానే డబ్బాలో పెట్టి ఆ పరీక్షశాలకు తీసుకెళ్లడం నా తప్పే. బస్సులోనే పాడైంది. అక్కడి ఉద్యోగి మూత తీసి ముక్కు మూసుకున్నాడు.

"ఏంటి బాబాయ్, కుడితి పట్టుకొచ్చారా?"

"గేదెలకు కాదండి. మనుషులు తినొచ్చో లేదో చూసి చెప్పండి."

గదంతా నవ్వింది.

రెండోసారి ఎండబెట్టి, పొడి కొట్టి, సీసా మూతికి దారం కట్టి ఇచ్చాను. తీసుకున్నారు గానీ కబురు లేదు. మూడోసారి వెళ్తే సీసా కిటికీలో ఉంది. నేను కట్టిన దారం కూడా విప్పలేదు.

రేపల్లెలో ఉండే మా యజమాని నిన్న ఫోన్ చేశారు. "నెలాఖరుకు ఆ నీళ్లకి గొట్టం వేసి సిమెంటు చేయించేస్తానయ్యా. ఈలోగా తినొచ్చని పరీక్షశాల కాగితం తెస్తే ఆపుతా."

ఆ నీళ్లు గొట్టంలోకి పోతే నాకు చుక్క కూడా దొరకదు.

అయ్యా, పరీక్షశాల పెద్దలూ, ఆ సీసా దారం విప్పండి. తినకూడదంటే మానేస్తాను. తినొచ్చో, తినకూడదో నెలాఖరులోగా నాకు చెప్పండి.