అత్తయ్య పుట్టుమచ్చ

మా మామయ్య స్టూడియోలో ఫోటో దిగితే ముసలివాళ్ళు కూడా పెళ్ళికొడుకుల్లా తేలేవారు. ముడతలు, మొటిమలు, గాట్లు అన్నీ మాయం. నెగెటివ్‌ని వెలుతురుకి ఎదురుగా పెట్టుకుని, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో దిద్దుతూ కూర్చునేవాడు. వెనక వేలాడే తెర మీద మేడమెట్లూ మబ్బులూ కూడా ఆయన గీసినవే. ఊరంతా ఆయన్ని "నునుపు మామ" అనేది. అలా పిలిస్తే మురిసిపోయేవాడు కూడా, ఏం చెప్పను!

ఆ స్టూడియో అంటే నాకు ప్రాణం. తడి ప్రింట్లు తీగ మీద ఆరుతుంటే, ఆ మందుల ఘాటుకి ముక్కు మూసుకోవాల్సింది పోయి, గుండెనిండా పీల్చేదాన్ని. ఇప్పుడా వాసన ఎంత వెతికినా దొరకదు.

పెళ్ళయిన కొత్తలో అత్తయ్యని కూర్చోబెట్టి ఫోటో తీశాడట. అలవాటు కొద్దీ ఆవిడ చెంప మీది పుట్టుమచ్చనీ చెరిపేశాడు, మహానుభావుడు. అత్తయ్య ఆ ఫోటో చూసి, "ఎవరండీ ఈవిడ, బాగుంది. ఈవిడతోనే కాపురం చెయ్యండి" అంది. ఇక జన్మలో కెమెరా ముందు కూర్చోలేదు. మామయ్య బతిమాలాడు, అలిగాడు, అన్నం మానేశాడు. ఊహూ. ఆవిడ మొండితనం ముందు ఈయన ఏపాటి?

ఆవిడ పోయాక ఆ ఒక్క ఫోటోనే దిక్కయింది. నెగెటివ్ ఎప్పుడో బూజుపట్టి పాడైంది. పాత ప్రింటునే పెద్దది చేయించి, బల్ల మీద పెట్టుకుని కుంచె పట్టాడు. మచ్చ తిరిగి పెట్టాలి, లేకపోతే అది అత్తయ్య కాదు. తీరా చూస్తే ఏ చెంపో గుర్తు రాలేదు. ఆయన పాత కెమెరా అద్దంలో మనుషులు తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై కనిపించేవారు. ఏళ్ళ తరబడి అలా చూసిచూసి, ఇప్పుడు తన కళ్ళనే నమ్మలేకపోయాడు. నన్నడిగాడు. రోజూ చూసిన మొహమే, నేనూ నీళ్ళు నమిలాను. నా మీద నాకే ఒళ్ళు మండింది.

"ఊరందరి మొహాలూ దిద్దానే. మీ అత్తయ్య మొహం మర్చిపోయానే" అన్నాడు.

లేచి పడకగదిలోకి వెళ్ళాడు. ఏమైపోతాడోనని నేనూ వెనకే వెళ్ళాను. మంచం మీద తన చోట పడుకుని, ఎడమవైపుకి ఒత్తిగిల్లి, అత్తయ్య తలగడ మీదికి కుడిచెయ్యి చాచాడు. ఆవిడ చెంప ఉండాల్సిన చోట బొటనవేలితో మెల్లగా నిమిరాడు.

"ఎడమ చెంపే" అన్నాడు. "ఇదిగో, ఈ వేలికిందే ఉండేది."

వచ్చి చుక్క పెట్టాడు. కుంచె పక్కన పెట్టి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ పోయిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది.